తమ్ముడికి చూపించిన కాలేయం

ఊపిరి తీసుకునే దాన్ని కెమెరాలో నిలబెట్టడం ఎంత కష్టమో నాకు తెలుసు. పెళ్లికూతురి ముఖం దగ్గరగా తీసేటప్పుడు ఆమె ఊపిరికి మెడలోని హారం లేస్తూ పడుతూ ఉంటుంది, ఫోకస్ జారిపోతూ ఉంటుంది. కరీంనగర్‌లో పెళ్లిళ్ల వీడియోలు తీసి బతికేవాణ్ని. అందుకే, బతికున్న ఎలుక కాలేయాన్ని మైక్రోస్కోపు కింద పెట్టి వీడియో తీస్తారని చదివినప్పుడు నాకు వచ్చిన మొదటి ప్రశ్న రోగాల గురించి కాదు. ఎలుక ఊపిరి తీస్తుంటే కాలేయం కదలదా, మరి బొమ్మ అలుక్కుపోకుండా ఎట్లా ఆపారు అని.

కదులుతుంది. ఊపిరితిత్తుల కింద ఉండే పొర పైకీ కిందికీ పోయినప్పుడల్లా దానికి ఆనుకున్న కాలేయం కూడా ఊగుతుంది. అందుకని ఎలుకకు మత్తిచ్చి, పొట్ట మీద చిన్న కోత పెట్టి, కాలేయం అంచును సన్నని గాజుపలక మీద పరిచి, జరగకుండా మెల్లగా పట్టి ఉంచుతారు. కొందరు ఒక ఊపిరికీ ఇంకో ఊపిరికీ మధ్య ఆగే ఆ క్షణంలోనే బొమ్మ తీస్తారు. ఏ కణం ఏదో తెలియడానికి ముందే ఒక్కోదానికి ఒక్కో మెరిసే రంగు పట్టిస్తారు. ఇదంతా నేను లైబ్రరీలో కూర్చుని, పక్కన నిఘంటువు పెట్టుకుని, ముక్కా ముక్కా కూడదీసుకుని తెలుసుకున్నాను. ఇంటర్ తప్పినవాణ్ని. ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. ఈ మాట గర్వంగానే రాస్తున్నాను. ఈ చదువు వల్ల ఆ గర్వం తప్ప నాకు మిగిలింది చాలా తక్కువ.

చదవడానికి కారణం మా తమ్ముడు.

వాడు గల్ఫ్‌లో క్రేన్ నడిపేవాడు. కంపెనీ పనులు ఆగిపోయి ఇంటికొచ్చాడు. ఇంకో కంపెనీ వీసా దొరికితే హైదరాబాదు వెళ్లి మెడికల్ చేయించుకున్నాడు. అన్‌ఫిట్ అని వచ్చింది. రక్తంలో హెపటైటిస్ బి వైరస్ ఉందన్నారు. మనిషిని చూస్తే ఏ రోగమూ లేదు. తింటున్నాడు, తిరుగుతున్నాడు, కళ్లు తెల్లగా ఉన్నాయి.

కరీంనగర్‌లో ఒక డాక్టర్ దగ్గరికి నేనే వెంటబెట్టుకుని వెళ్లాను. బయట బెంచీల నిండా జనం. ఆయన రిపోర్టులు తిరగేసి, ఇంకో రెండు పరీక్షలు చేయించి, సాయంత్రానికి నాలుగు ముక్కలు చెప్పాడు. వైరస్ ఉంది కానీ కాలేయం ఇప్పటికైతే బాగుంది. ఇప్పుడే మందులు అక్కర్లేదు. ఆరు నెలలకోసారి వచ్చి చూపించుకోవాలి, మానేస్తే లోపల చెడిపోతున్నా బయటికి తెలియదు. భార్యకు పరీక్ష చేయించాలి, ఆమెకు సోకకపోయి ఉంటే టీకా వేయించాలి.

అంటే రెండే పనులు. వాడు ఆరు నెలలకోసారి రావాలి. మా మరదలికి పరీక్ష, టీకా జరగాలి. ఈ రెండు పనులు జరగక నేను పడ్డ అవస్థే ఇదంతా.

మెట్లు దిగుతూనే తమ్ముడు అన్నాడు, "అయిపాయె. దవఖానల దీనికి మందే లేదట."

"లేదనలేదురా. ఇప్పుడే అక్కర్లేదన్నడు."

"అక్కర్లేనిదానికి ఆరు నెలలకోపారి అచ్చి సూది పొడిపిచ్చుకునుడేంది?" అని, రోడ్డు మీదికి వచ్చాక నా చెయ్యి పట్టుకున్నాడు. "అన్నా, ఇంట్ల చెప్పకు. కామెర్లు అని చెప్త. నా పెండ్లానికి అసలే చెప్పకు. వాళ్ల అవ్వగారింట్ల తెలిస్తె నన్ను మనిషి లెక్క జూడరు."

"ఆమెకు చెప్పకుంట పరీక్ష ఎట్ల చేపిస్తవ్?"

"చేపిస్తలే. జర ఆగు. నువ్వైతె ఒట్టు వెయ్యి."

ఆటోలు హారన్లు కొడుతుంటే, జనం మధ్యలో, చేతిలో చెయ్యేసి ఒట్టు పెట్టించుకున్నాడు.

చెప్పాలనుకున్నా నేను ఎట్లా చెప్పగలను? మా దిక్కు భర్త అన్న ఎదుట తమ్ముడి భార్య కూర్చోదు, నేరుగా మాట్లాడదు. మరదలు మా ఇంటికి వచ్చి ఇన్నేళ్లయినా నాతో ముఖాముఖి ఒక్క మాట అనలేదు. నేను గడపలో అడుగు పెడితే కొంగు సర్దుకుని వంటింట్లోకి వెళ్తుంది. చాయ్ పెట్టి మా అవ్వ చేత, అంటే మా అమ్మ చేత, పంపిస్తుంది. ఇందులో ఎవరికీ కోపం లేదు, అది మర్యాద. ఆ మర్యాద ఒకవైపు, ఒట్టు ఒకవైపు. మా ఆవిడతో చెప్పించవచ్చు కదా అనుకున్నాను.

"నేను చెప్త," అంది మా ఆవిడ, "చెప్పినంక మీ తమ్ముడు అచ్చి, వదినే నా ఇంట్ల నిప్పు వెట్టిందంటడు. యారాలికి గీ ముచ్చట మీ తమ్మునితోనే చెప్పియ్యి. నీకు గన్ని పుస్తకాలు అచ్చు గదా, తమ్మున్ని ఒప్పియ్యరాదా?"

ఆ మాట నాకు తగలాల్సిన చోట తగిలింది. ఒప్పించగలను అనుకున్నాను.

మా ఊరు ఆసిఫాబాద్‌కు కొంచెం ఎడంగా ఉంటుంది. అవ్వ, తమ్ముడు, మరదలు, వాళ్ల పాప అక్కడే ఉంటారు. నేను వెళ్లేసరికి అవ్వ నిర్ణయం అయిపోయింది. కామెర్లకు పసరు పోయించాలి. జైనూర్ పోయే దారిలో లోపలి ఊరు ఒకటుంది, అక్కడ పసరు పోసే ఆయన ఉన్నాడు, ఆదివారాలు జనం బారులు తీరుతారు.

"అవ్వా, కామెర్లయితె కండ్లు పచ్చగ కావాలె గదా. వీని కండ్లు జూడు."

"లోపటి కామెర్లు కొడుకా. అవి కండ్లల్ల కనవడయి."

ఒక రకంగా అవ్వ చెప్పింది తప్పు కాదు. తమ్ముడు మాత్రం తెలివిగా బేరం పెట్టాడు. "నువ్వు నాతోని పసరు కాడికి ఒక్కపారి రా. నేను నీతోని దవఖానకు ఒక్కపారి అస్త. సరేనా?"

సరే అన్నాను. ఒప్పందం అంటే ఒప్పందం అనుకున్నాను.

పసరు పోసే ఆయన మంచి మనిషి. డబ్బు అడగడు, కొబ్బరికాయ తెస్తే తీసుకుంటాడు. ఇంటి ముందు పందిరి, పందిరి కింద చాపలు, ఒక పక్క దంచిన ఆకు. తమ్ముడి వంతు వచ్చినప్పుడు ఏదో చెట్టు బెరడు రసం వాడి అరచేతులకు రుద్ది, ఒక గిన్నెలో తేట సున్నపు నీళ్లు పోసి, చేతులు కడుక్కోమన్నాడు. వాడు చేతులు పెట్టగానే నీళ్లలోకి పసుపు రంగు దిగింది. పొగలా మెల్లగా, వేళ్ల మధ్య నుంచి. చుట్టూ ఉన్నవాళ్లు వంగి చూశారు. ఎవరో "అబ్బ, ఎంతున్నది!" అన్నారు. తమ్ముడు నా వైపు తల తిప్పి చూసిన చూపు ఇప్పటికీ కళ్లకు కడుతుంది. చదువుకున్నవాణ్ని ఓడించిన చూపు కాదది. నిజంగా సంతోషించిన చూపు. రోగం తన ఒంట్లోంచి పోవడం కళ్లారా చూసినవాడి ముఖం.

"గది బెరడు రసంరా," అన్నాను మెల్లగా. "సున్నం తాకితె పచ్చగయితది."

మెల్లగానే అన్నాను కానీ వెనక కూర్చున్న ఒక పెద్దామె విన్నది. "నీకు నమ్మకం లేకుంటె అవుతలికి పో నాయినా. తాగెటోళ్లకు మనసు ఇరగ్గొట్టకు."

బయటికి వచ్చి మోటారు సైకిళ్ల దగ్గర నిలబడ్డాను.

తమ్ముడు పసరు తాగి, నోరు తుడుచుకుంటూ వచ్చాడు. పత్యం చెప్పాడట. ఉప్పు, నూనె, పసుపు ముట్టొద్దు. పులుపు వద్దు. పత్యం ముగిసేదాకా ఒంటికి సూది తగలొద్దు.

"ఇన్నవా అన్నా? సూది తగలొద్దట."

"నాకిచ్చిన మాట?"

"ఎక్కడికి పోతది? పత్యం ఒడిసినంక జూద్దాం. ఇప్పుడు రక్తం తీపిస్తె తాగింది ఖరాబైతది."

పత్యం ముగిసింది. మళ్లీ ఒకసారి పోయించుకోమన్నారని ఇంకో పత్యం మొదలైంది. వాడు పసుపు లేని పప్పు తిని చిక్కిపోయాడు. చిక్కితే అవ్వ రోగం దిగుతోందని సంబరపడింది. నేను కరీంనగర్‌లో మా ఇంటి పెరట్లో ఆ బెరడు సంపాదించి, నా చేతులకు రుద్దుకుని, సున్నపు నీళ్లలో పెట్టి వీడియో తీశాను. నాక్కూడా అంతే పచ్చగా దిగింది. పంపించి ఫోన్ చేశాను.

"చూసినవారా? నాకే రోగం లేదు. నాకు గూడ పసుపు దిగింది."

వాడు వీడియో మళ్లీ పెట్టుకున్నాడు. తర్వాత వాడన్నాడు, "అయ్యో అన్నా. నీకు గూడ ఉన్నట్టుంది. ఆదివారం రా, ఇద్దరం తాగుదాం."

వెక్కిరిస్తున్నాడో, నిజంగానే అంటున్నాడో ఫోన్లో తెలియలేదు. పక్కన అవ్వ నవ్వు వినిపించింది, ఆ వెంటనే ఆమె గాబరాగా "నిజంగ దిగిందా?" అని అడగడం కూడా వినిపించింది.

ఇక ఆ రోజు నుంచి లైబ్రరీకి పోవడం ఎక్కువ చేశాను. వాడు కళ్లతో చూసినదాన్నే నమ్ముతున్నాడు కాబట్టి నేను కూడా కళ్లకే చూపించాలి అనుకున్నాను. మా లైబ్రరీలో కుర్చీ దొరకడమే కష్టం. ఉదయం తలుపులు తీయకముందే ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లలు సంచులతో, టిఫిన్ డబ్బాలతో వరుసలో ఉంటారు. నా ముందున్న శరీరశాస్త్రం పుస్తకం చూసి ఒక అమ్మాయి అడిగింది, "అంకుల్, ఏ పోస్టుకు ప్రిపేర్ అయితున్రు?" ఏ పోస్టూ లేదమ్మా, మా తమ్ముడికి చెప్పడానికి అంటే ఆమెకు అర్థం కాలేదు. తన గైడు కాస్త పక్కకు జరిపి నా నిఘంటువుకు చోటు మాత్రం ఇచ్చింది.

తెలుగులో ఈ సంగతి చెప్పిన పుస్తకం నాకు దొరకలేదు. ఇంగ్లీషులో దొరికినవి సగం డాక్టర్లకు రాసినవి. ఇంటర్నెట్‌లో మంచి వ్యాసం కనిపిస్తే మొదటి పేజీ తర్వాత తాళం. మిగతాది చదవాలంటే ఏదో విదేశీ డబ్బు కట్టాలి. ఫోన్‌లోని యాప్ చేసిన అనువాదం చదివితే కాలేయం మీద జోక్ వేసినట్టు ఉంటుంది. అయినా వదల్లేదు. ఒక్కో వాక్యం రెండు మూడు సార్లు చదివాను. వీడియోలు చూశాను, ఆపి ఆపి, వెనక్కి తిప్పి, ఎడిటింగ్ బల్ల మీద పెళ్లి వీడియో చూసినట్టు.

చూసింది చెప్పాలి. పేగుల నుంచి వచ్చే రక్తం ముందుగా కాలేయంలోకే చేరుతుంది. అక్కడ అది వాగులా ఉరకదు, మడిలో నీళ్లు పారినట్టు సన్నని దారుల్లో నెమ్మదిగా పారుతుంది. ఆ దారుల లోపలి గోడలను పట్టుకుని కాపలా కణాలు ఉంటాయి. తిండితో, నీళ్లతో పేగుల్లోకి చేరి రక్తంలోకి జారిన క్రిమి అటుగా వస్తే చటుక్కున పట్టుకుంటాయి. వీడియోలో అది ఆకుపచ్చ చుక్క. పరుగెత్తుకుంటూ వస్తుంది, ఒకచోట ఠక్కున ఆగిపోతుంది, ఇక కదలదు. దొరికిపోయింది. ఇంకో రకం కణాలు గస్తీ తిరుగుతుంటాయి, రక్తం పారే వైపే కాదు, దానికి ఎదురు కూడా పాకుతూ పోతాయి. వైరస్ పట్టిన కణం కోసం వెతికే తెల్లకణాలైతే ఆ దారి దాటి బయటికి రావు. దారి గోడకుండే సన్నని రంధ్రాల్లోంచి చేతుల్లాంటివి చాపి, అవతలి కాలేయ కణాన్ని తడిమి చూస్తాయి. వీధిలో నిలబడి కిటికీలోంచి లోపలికి చెయ్యి పెట్టినట్టు.

చచ్చిన కాలేయాన్ని పొరలు పొరలుగా కోసి చూసినా ఈ కణాలన్నీ కనిపిస్తాయి. కానీ ఎవరు నిలబడి ఉన్నారో, ఎవరు పోతూ పోతూ ఆగారో, ఎవరు వెతుకుతున్నారో తెలియదు. పెళ్లి ఆల్బమ్‌కూ పెళ్లి వీడియోకూ ఉండే తేడా అది. ఆల్బమ్‌లో అందరూ నవ్వుతూనే ఉంటారు. ఎవరు ఎవరితో మాట్లాడకుండా ముఖం తిప్పుకున్నారో వీడియోలోనే దొరుకుతుంది.

అన్నిటికంటే నన్ను పట్టేసిన సంగతి వేరే. కాలేయం ఓర్పుగల అవయవం. పేగుల నుంచి రోజూ వచ్చే తిండి ముక్కలు, క్రిముల తునకలు అన్నిటి మీదా యుద్ధానికి దిగితే మనిషి ఒక్క ముద్ద తినలేడు. అందుకని అది చాలావాటిని చూసీ చూడనట్టు వదిలేస్తుంది. ఆ ఓర్పునే హెపటైటిస్ బి వాడుకుంటుంది. కొందరిలో ఏళ్ల తరబడి చప్పుడు చేయకుండా కాలేయంలోనే కాపురం ఉంటుంది. కళ్లు పచ్చబడవు, కడుపు నొయ్యదు. ఇది చదివిన రోజు మా తమ్ముడి కళ్లు ఎందుకు తెల్లగా ఉన్నాయో నాకు అర్థమైంది. లైబ్రరీలో అరవలేను కాబట్టి బయటికి వచ్చి ఒక చాయ్ తాగాను. ఇదే వాడికి చెప్పాల్సిన మాట అనుకున్నాను.

నాకు దొరికిన వీడియో ముక్కలు కత్తిరించి, వరుసలో పెట్టి, కింద తెలుగు అక్షరాలు వేశాను. పెళ్లి వీడియోకు కూడా అంత శ్రద్ధ పెట్టను. పాట పెట్టలేదు. వాడి పేరు ఎక్కడా లేదు కాబట్టి ఒట్టు తప్పినట్టు కాదనుకున్నాను. ఒక ఆదివారం మధ్యాహ్నం ఊరికి వెళ్లి, ఇంట్లో టీవీకి పెన్‌డ్రైవ్ పెట్టాను. తమ్ముడు మంచం మీద, అవ్వ కింద గోడకు ఆనుకుని. పాప నిద్రపోతోంది. మరదలు ఎప్పటిలాగే వంటింటి వాకిట్లో, తలుపు పక్కన.

ఎలుకను చూడగానే అవ్వ లేచి కూర్చుంది. "గది ఎలుక గాదురా? బతికున్నదా?"

"బతికే ఉన్నది. మత్తిచ్చిన్రు."

"కడుపు కోసిన్రా? అయ్యో పాపం. దాని ఉసురు ఎవలకు తాకాలె?"

"అవ్వా, జర ఆగు, ముందుకు జూడు."

ఆకుపచ్చ చుక్కలు, ఎర్రటి దారులు, నీలం కాపలా కణాలు. అవ్వ "లైటింగ్ మంచిగున్నది, బతుకమ్మకు వేసిన లెక్క" అంది. తమ్ముడు మాత్రం నిజంగానే చూశాడు. వాడు ఒక్కో చుక్కా పట్టుకుని అడిగాడు, నేను చెప్పాను. కాపలా గురించి చెప్పాను. గస్తీ గురించి చెప్పాను. ఆఖరికి ఓర్పు గురించి చెప్పాను. ఇన్ని నెలల్లో నేను అంత బాగా ఎప్పుడూ మాట్లాడలేదు.

వాడు రిమోట్ తీసుకుని బొమ్మ ఆపాడు.

"అంటే నా కాలేయం దానితోని సర్దుకపోయింది."

"సర్దుకపోయిందంటే..."

"నువ్వే అన్నవ్ గదా. చూసీ చూడనట్టు ఇడిసిపెడ్తదని. అవి రెండు మంచిగ కల్సి ఉన్నయ్. మరి నడుమ నువ్వెందుకు లొల్లి జేస్తున్నవ్?"

"ఎప్పటికీ గట్లనే ఉండదురా. కొన్నేండ్లకు కాపలా కణాలు లేస్తయ్. లేచి వైరస్ మీద పడ్తె ఆ కొట్లాటల కాలేయమే ఖరాబైతది. గది ఎప్పుడు మొదలైతదో తెల్సుకునేటందుకే పరీక్ష."

"ఆఁ! అంటే ఖరాబు జేసేది వైరస్ గాదు, కాపలోడు. ఇయ్యాల దాక నాకు వైరస్ అని భయం వెట్టినవ్." అవ్వ వైపు తిరిగి నవ్వాడు. "ఇన్నవా అవ్వా? అన్న లైబ్రరీల జదివి అచ్చిండు. నాకేం కాలేదని పుస్తకంల రాసి ఉన్నదట."

దానికి నా దగ్గర జవాబు ఉంది. రెండు పేజీల జవాబు. వాడికి రెండు మాటల జవాబు కావాలి, అది నా దగ్గర లేదు. డాక్టర్ నాలుగు ముక్కల్లో చెప్పినప్పుడు వాడు కనీసం భయపడ్డాడు. నేను ఇంత దూరం విడమర్చి చెప్పి ఆ భయం కూడా తీసేశాను. వాడు చెప్పులేసుకుని, "నీకు దండం అన్నా, ఇప్పటికెళ్లి పత్యం గూడ బంద్," అని బజారుకు వెళ్లిపోయాడు.

నేను పెన్‌డ్రైవ్ తీస్తున్నాను. కోపం మీదే ఉన్నాను. అవ్వ ఏదో అంటోంది, ఎలుక గురించే. అప్పుడు తలుపు పక్క నుంచి మరదలి గొంతు వచ్చింది.

"అత్తమ్మా, బావను అడుగు. గది ఒకల కాన్నుంచి ఒకలకు అంటుతదా?"

అదే గదిలో, నాలుగడుగుల దూరంలో ఉన్నాను. స్పష్టంగా విన్నాను. అయినా అవ్వ నా వైపు తిరిగింది. "అంటుతదా అంటున్నదిరా."

నేను టీవీ వైపే చూస్తూ అన్నాను, "అంటుతదని చెప్పు అవ్వా."

"అంటుతదట. ఏది అంటేది? కామెర్లా? మా కాలంల ఎవలకు అంటకపాయె."

"కామెర్లు గాదత్తమ్మా," అంది మరదలు. "ఆయన కామెర్లు అంటుండు గని, టీవీల బావ రాసిన అక్షరాలల్ల కామెర్లు అన్న మాట ఒక్కపారి గూడ రాలే. వైరస్ అని ఉన్నది. నేను మొదటి నుంచి సదువుతనే ఉన్న."

ఆ అక్షరాలు నేను తమ్ముడి కోసం వేశాను. వాడు బొమ్మ చూశాడు. చదివింది ఆమె.

"నాకు అంటిందో లేదో ఎట్ల తెలుస్తదో అడుగు అత్తమ్మా."

ఒట్టు గుర్తుంది. దాన్ని పట్టుకుని ఇంకా ఎన్నాళ్లు కూర్చోవాలి? "రక్తం పరీక్ష చేస్తరని చెప్పు. లేదని వస్తె టీకాలు ఏస్తరు. ఏసుకున్నంక భయం లేదు."

"రక్తం పరీక్షనట," అని అవ్వ అటు తిరిగి, మళ్లీ నా వైపు తిరిగి, "దీనికెందుకురా పరీక్ష? రోగం వానికి గదా?"

"అవ్వా, నువ్వు జర చెప్పింది చెప్పు!"

"నేను చెప్తనే ఉన్న గదా, నా మీద ఒర్లుతవేందిరా?"

తలుపు పక్క నుంచి సన్నగా నవ్వు లాంటిది వినిపించి ఆగిపోయింది. తర్వాత, "పిల్లకు?"

"పిల్లకు చిన్నప్పుడు ఏసిన టీకాలల్ల గిది గూడ ఉంటదని చెప్పు. ఆ కార్డు తీసుకరమ్మను, డాక్టర్ జూస్తడు."

"అక్కతోని పోతనని చెప్పు అత్తమ్మా. ఎన్నడు రావాల్నో అక్కను ఫోన్ చెయ్యమను." అక్క అంటే మా ఆవిడ. గిన్నె కింద పెట్టిన చప్పుడైంది, అంతే.

మరుసటి వారం ఆమె పాపను ఎత్తుకుని కరీంనగర్ వచ్చింది. మా ఆవిడ వెంట వెళ్లింది. నేను బయట రోడ్డు మీద నిలబడ్డాను. ఆమెకు సోకలేదు. పాపకు కూడా లేదు. మొదటి సూది అదే రోజు వేశారు. మా ఆవిడ ఈ మాట చెప్పినప్పుడు నాకు ఏడుపొచ్చింది, ఆ వెంటనే మళ్లీ కోపమొచ్చింది. ఇంత చిన్న పనికి ఇన్ని నెలలా?

తమ్ముడు ఆ రాత్రికల్లా ఫోన్ చేశాడు. "ఒట్టు తప్పినవ్. నా సంసారంల చెయ్యి వెట్టినవ్. ఇగ నీ ముఖం జూడ." ఆమె తనను ఏమీ అనలేదట. అదే వాడికి ఎక్కువ బాధగా ఉంది. "అరిచినా అయిపోతుండె. రిపోర్టు నా ముంగట పెట్టి పాయె," అన్నాడు. నేను కాలేయం గురించి మొదలుపెట్టాను. వాడు పెట్టేశాడు.

రెండో సూదికి మా ఆవిడే మళ్లీ వెంట వెళ్లింది. ఆఖరి సూదికి మాత్రం మరదలితో తమ్ముడు కూడా వచ్చాడు. లోపలికి రాలేదు. ఆసుపత్రి ఎదురుగా చాయ్ హోటల్లో నిలబడ్డాడు. నేను అక్కడే బల్లకు ఇవతలి పక్క నిలబడ్డాను. కాసేపటికి వాడే రెండో చాయ్ చెప్పి, గ్లాసు నా వైపు జరిపాడు. ఇద్దరం ఆసుపత్రి గేటు చూస్తూ తాగాం. వైరస్ ఎంత ఉందో కొలిచే పరీక్ష గురించి నేను కొత్తగా చదివిన సంగతి ఒకటి నాలుక చివరిదాకా వచ్చింది. పళ్లు బిగబట్టి ఆపుకున్నాను.

"గా డాక్టరాయన ఎప్పుడెప్పుడు ఉంటడు?" అని అడిగాడు, నా వైపు చూడకుండా.

"సోమారం పొద్దుగాల."

"ఎక్కువసేపు పడ్తదా?"

"పట్టది."

గేటులోంచి ఆడవాళ్లు బయటికి వస్తున్నారు. వాడు గ్లాసు పెట్టేసి, "అచ్చే సోమారం జూద్దాం," అన్నాడు.

వచ్చే సోమవారం రాలేదు. ఆ తర్వాతి సోమవారం పత్తి ఏరుతున్నామన్నాడు. ఇంకో సోమవారం ఫోన్ ఎత్తలేదు. పెళ్లి ముహూర్తాలు సోమవారం ఉదయానికి పడితే నేను ఒప్పుకోవడం మానేశాను. అడిగినవాళ్లు వేరే వీడియోవాళ్లను మాట్లాడుకుంటున్నారు, మా ఆవిడ విసుక్కుంటోంది. పొద్దున్నే తయారై, బస్‌స్టాండుకు వెళ్లి, ఆసిఫాబాద్ బస్సు వచ్చేదాకా నిలబడుతున్నాను. జనం దిగుతారు. అందరూ దిగేదాకా చూసి, ఇంటికొస్తున్నాను.